పదకొండు పదికి పొంగవలెను

మా ఉడుకులకోన జాతీయ ఉద్యానంలో చూడదగ్గది ఒక్కటే ఉంది. ఎలుగుబంట్లు కూడా ఉన్నాయని గేటు దగ్గర బోర్డు చెబుతుంది గానీ, పదహారేళ్ల నా సర్వీసులో ఆ బోర్డు మీది బొమ్మను తప్ప మరో ఎలుగుబంటిని నేను చూడలేదు. చూడదగ్గ ఆ ఒక్కటీ ఏమిటంటే, కోన నడుమ నల్లరాళ్ల మధ్య ఒక బిలం ఉంది. అందులోంచి అయిదారు గంటలకోసారి సలసల కాగే నీళ్లు తాటిచెట్టెత్తున లేస్తాయి. నాలుగు నిమిషాలు ఆడి, ఒక్క గురక పెట్టి, మళ్లీ లోపలికి పోతాయి. కోన జనం దాన్ని ఉడుకమ్మ అంటారు. మా ఆఫీసు రికార్డుల్లో దాని పేరు 'సహజ ఉష్ణజలోద్గమ కేంద్రం, నం. 1'. నం. 2 లేదు. ఎప్పుడైనా పుట్టుకొస్తే ఇబ్బంది పడకూడదని ముందే నంబరు వేసుకున్నారు.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. పేరు జోగినాయుడు. ఫైళ్లు రాయడం నా పని. రాసినదాన్ని నమ్మడం నా పని కాదు కాబట్టి ఇన్నాళ్లూ బీపీ, షుగరూ లేకుండా నెట్టుకొచ్చాను.

రెండేళ్ల కిందటి శ్రావణంలో రాజధాని నుంచి ఒక సర్క్యులర్ దిగింది. "రాష్ట్రమందలి ఉద్యానములలో గల ఆకర్షణలన్నియు నిర్ణీత వేళలను విధిగా పాటించవలెను. పాటించని ఆకర్షణలపై తగు చర్య తీసుకొనబడును." అది రాసిన మహానుభావుడి మనసులో పడవలూ, పిల్లల రైలూ ఉండి ఉంటాయి. మా దగ్గర పడవల్లేవు, రైలు లేదు. ఆ మాటే రాసి ఫైలు మూసేద్దామనుకున్నాను.

మా డైరెక్టరు ప్రభంజనరావు గారు ఒప్పుకోలేదు. ఆయన డాక్టరు ప్రభంజనరావు గారు. సర్పాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నారు. ఆ పరిశోధన అయ్యాక కోనలోకి కాలినడకన వెళ్లడం మానేశారు.

"ఆకర్షణలన్నియు అన్నారు జోగినాయుడూ. అన్నియు అంటే అన్నియు. సదరు కేంద్రానికి మినహాయింపు ఇచ్చినట్టు ఎక్కడైనా ఉందా?"

లేదు. నేను రెండుసార్లు చదివి మరీ చెప్పాను.

అలా ఉడుకమ్మకు వేళలు నిర్ణయమయ్యాయి. ఉదయం పదకొండు పది, మధ్యాహ్నం మూడు పది. ఆదివారం, రెండో శనివారం సెలవు. ఆదివారమే కదా సార్ జనం వచ్చేది అని నేను గొణిగితే, "ఆకర్షణకు మాత్రం వారాంతపు విశ్రాంతి వద్దా?" అని డైరెక్టరు గారు బాధపడ్డారు. రంగురాళ్లు పొదిగిన బోర్డు ఒకటి చేయించి బిలం పక్కన పాతారు.

ఇక హాజరు పట్టీ సంగతి. మా ఆఫీసు సూపరింటెండెంటు చయనులు గారు రూళ్లకర్రతో గీతలు గీసి కొత్త రిజిస్టరు తయారు చేశారు. అందులో 'వచ్చిన సమయం, వెళ్లిన సమయం, సంతకం' అని మూడు గళ్లు. కేంద్రం సంతకం ఎలా పెడుతుందన్న ప్రశ్న వచ్చింది. దాని తరఫున దాని సంరక్షకురాలు వేలిముద్ర వేయాలని చయనులు గారే పరిష్కారం కనిపెట్టారు. సంరక్షకురాలంటే పారమ్మ.

పారమ్మ గురించి చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఆ బిలం దగ్గర కాపలా ఉన్న మనిషి ఆవిడ. యాభై దాటింది. దినకూలీ ఉద్యోగం. వచ్చినవాళ్లు అంచుకు పోకుండా కేకలేసి ఆపడం ఆమె డ్యూటీ. బిలం పక్కన ఒక బల్లపరుపు రాయి ఉంటుంది. దాని మీద ఉత్తకాళ్లతో నిలబడి, కాసేపు కళ్లు మూసుకుని, "ఇంకో గంటకి నెగుతాది" అని ఆవిడంటే గంటకి లేస్తుంది. రాయి అరికాలికి ఝుమ్మంటుందట. నేనూ చెప్పులు విడిచి నిలబడి చూశాను. నాకు కాలు కాలింది తప్ప ఏమీ వినపడలేదు.

ఆవిణ్ణి పర్మనెంటు చేసే ఫైలు ఎనిమిదేళ్లుగా నా బీరువాలో ఉంది. ఈసారి దానికి గడువు కూడా వచ్చి పడింది. వచ్చే ఏప్రిల్ నుంచి దినకూలీ కాపలాదారులంతా ఇంటికే. ఈలోగా పర్మనెంటు అయినవాళ్లే మిగులుతారు. అలా అవ్వాలంటే సర్వీసు మీద రిమార్కులు ఉండకూడదు. ఇరవై రెండేళ్లలో పారమ్మ మీద ఒక్క రిమార్కు లేదు.

కొత్త వేళలు మొదలైన వారానికే తొమ్మిది వచ్చాయి.

కేంద్రం సోమవారం తొమ్మిది ముప్పై అయిదుకు పొంగింది, మంగళవారం పన్నెండుకు. ఆదివారమైతే సెలవని కూడా చూడకుండా నాలుగుసార్లు పొంగింది. చయనులు గారు ప్రతిదానికీ ఎర్రసిరాతో 'అనధికార ఉద్గారం' అని రాసి, సంరక్షకురాలికి మెమో ఇచ్చారు. మెమోల కట్ట కొంగున మూటగట్టుకుని పారమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఏటి బాబూ ఇవన్నీ?"

"ఉడుకమ్మ టైముకి రాలేదట. నీ సంజాయిషీ కావాలట."

"అదెప్పుడు నెగాలో నానేటి సెప్తాను? దాని కడుపు నిండితే నెగుతాది. నిండకపోతే నెగదు."

నేను కలం తీసి రాశాను. 'సదరు కేంద్రమునకు అంతర్గత జలసమీకరణలో జాప్యము ఏర్పడినందున' అని. చదివి వినిపిస్తే ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది.

"నానన్నది ఇదేనా బాబూ?"

"ఇదే."

"మరయితే రాసీండి."

ఇలా రిమార్కులు నలభై ఒకటి అయ్యేసరికి మాఘం వచ్చింది. మాఘంతోపాటు మంత్రిగారి పర్యటన వచ్చింది.

ఆ కబురు వచ్చిన రోజు ఆఫీసంతా పెళ్లివారిల్లయింది. గేటుకు రంగు వేశారు, ఎలుగుబంటి బొమ్మకు కళ్లు దిద్దారు. మంత్రిగారు ఉడుకమ్మను కళ్లారా చూడాలనుకుంటున్నారట. డైరెక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి నిమిషాలవారీ కార్యక్రమం రాయించారు. అది నా చేతిరాతే కాబట్టి ఇప్పటికీ నోటికొచ్చు.

'11.05 గౌరవ మంత్రివర్యులు వీక్షణ వేదిక నధిరోహించుట. 11.10 కేంద్రము పొంగుట. 11.10 నుండి 11.14 వరకు మంత్రివర్యులు ఆనందించుట. 11.15 కేంద్రము విరమించుట. 11.16 సంరక్షకురాలు శ్రీమతి పారమ్మకు మంత్రివర్యుల అమృతహస్తములమీదుగా శాశ్వత నియామక పత్రము. 11.20 ఫలహారము.'

చివరి నుంచి రెండోది చూసి ఉంటారు. అది నేను పెట్టిందే. సమావేశంలో డైరెక్టరు గారు 'కింది స్థాయి సిబ్బందికి ఏదైనా ఒక మానవీయ కోణం' కావాలన్నారు. నేను బీరువా తెరిచి ఎనిమిదేళ్ల దుమ్ము దులిపి ఆ ఫైలు ముందు పెట్టాను. ఆయన ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. కేంద్రం పదకొండు పదికి పొంగితే నలభై ఒక్క రిమార్కులూ మాఫీ, పత్రం ఇస్తారు. పొంగకపోతే లేదు.

పారమ్మను పిలిపించారు. డైరెక్టరు గారు కుర్చీలో ముందుకు వంగి, తేనెలాంటి గొంతుతో అడిగారు.

"చూడమ్మా, సదరు కేంద్రాన్ని నిర్దిష్ట సమయానికి ఉత్తేజపరచడానికి క్షేత్రస్థాయిలో ఏవైనా పద్ధతులు అమల్లో ఉన్నాయా?"

పారమ్మ నా వైపు చూసింది.

"టైముకి లేపడానికి ఏమైనా ఉపాయం ఉందా అంటున్నారు" అన్నాను.

ఆవిడ కాసేపు చీరచెంగు నలిపింది. అబద్ధం ఆడటం ఆవిడకు రాదు. అదే కొంప ముంచింది.

"ఒకపాలి దాని పక్కన గుడ్డలుతుకుతుంటే సబ్బుముక్క జారి దాన్లో పడిపోనాది బాబూ. ఎంటనే కోపమొచ్చి నెగిసీసింది. నా గుడ్డలన్నీ ఎగిరిపోనాయి. మళ్లా ఎప్పుడూ సబ్బట్టుకుని దాని దగ్గిరికెల్లనేదు. పాపం, అది తిన్నా అరగదు దానికి."

ఆఖరి మాట ఎవరూ వినలేదు. సబ్బు అన్న మాట దగ్గరే డైరెక్టరు గారి కళ్లు మెరిశాయి. సాయంత్రానికల్లా 'సబ్బు ద్వారా ఉత్తేజన ఉపసంఘం' ఏర్పడింది. మూడు కొటేషన్లు పిలిచారు. సబ్బు వాసన లేనిదై ఉండాలనీ, పరిసరాలకు నప్పేలా పచ్చగా ఉండాలనీ, మంత్రిగారికి కనబడకుండా బిలంలో వేయదగిన సైజులో ఉండాలనీ నిబంధనలు రాశాం. పదిహేను రోజులు కూర్చుని, చివరికి బజార్లో దొరికే బట్టల సబ్బు బార్లే ఆరు కొన్నాం.

పారమ్మకు యూనిఫారం ఇచ్చారు. ఖాకీ కోటు, టోపీ, మోకాళ్ల కింది దాకా బూట్లు. ఇరవై రెండేళ్లలో ఆవిడ కాలు చెప్పు ఎరగదు. బూట్లు వేసుకుని బల్లరాయి మీద నిలబడి చూసింది.

"ఏటీ ఇనపడట్నేదు బాబూ. సెవుల్లో దూది ఎట్టుకున్నట్టుంది."

"మంత్రిగారు వెళ్లాక విప్పేద్దువుగానిలే" అన్నారు చయనులు గారు. "ప్రోటోకాల్."

పర్యటన రోజు వచ్చింది. ఉడుకమ్మ ఆ వేకువన అయిదింటికి పొంగి పడుకుంది. తొమ్మిదింటికి నేను బిలం దగ్గరికి వెళ్లేసరికి పారమ్మ అటూ ఇటూ చూసి ఒక బూటు విప్పి రాయి మీద పాదం మోపింది. కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆ మొహం వెలిగిపోతోంది.

"బాబూ, సబ్బూ గిబ్బూ ఏటీ వొద్దు. పదకొండుకి దానంతటదే నెగుతాది. ఒక పావుగంట అటూ ఇటూ. దాన్ని దానికి ఒదిలీమని పెద్దబాబుతో సెప్పండి."

నలభై ఒక్కసార్లు మొండికేసిన ఉడుకమ్మ, పారమ్మకు ఉద్యోగం వచ్చే రోజున తనంతట తాను టైముకు వస్తానంటోంది. ఇలాంటిది ఫైళ్లలో జరగదు. పరుగెత్తుకెళ్లి చయనులు గారికి చెప్పాను.

ఆయన జేబు గడియారం చూసుకున్నారు. "చాలా సంతోషమయ్యా. అయితే రిహార్సల్ ముగించేద్దాం పద."

"ఏ రిహార్సల్ అండీ?"

"అదేమిటయ్యా జోగినాయుడూ, పదహారేళ్ల సర్వీసు పెట్టుకుని అలా అడుగుతావు? ముఖ్య అతిథి రాకకు గంట ముందు పూర్తిస్థాయి రిహార్సల్ జరిపి, విజయవంతమైనట్టు ధ్రువపత్రం పంపాలి. అది లేకపోతే మంత్రిగారి కారు జిల్లా కేంద్రం నుంచి కదలదు."

"కార్ల వరకు చేద్దామండీ. ఉడుకమ్మను వదిలేద్దాం. ఇప్పుడు పొంగిస్తే మళ్లీ అయిదు గంటలు..."

"పూర్తిస్థాయి అని ఉంది. పూర్తిస్థాయి అంటే పూర్తిస్థాయి."

డైరెక్టరు గారితో మొరపెట్టుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "జోగినాయుడూ, రిహార్సల్‌లో పొంగకపోతే అసలు సమయానికి పొంగుతుందని నేను ఏ నమ్మకంతో సంతకం పెట్టాలి?"

ఈ ఆఫీసులో చాలా ప్రశ్నలు అలాగే ఉంటాయి, జవాబు చెప్పబోతే మనమే తప్పు చేసినట్టుంటుంది.

పది ఇరవైకి ఖాళీ కార్లు అయిదు బారుగా వచ్చాయి. వెనక అంబులెన్సు, ఆ వెనక ఫైరింజను. మంత్రిగారి స్థానంలో చయనులు గారు కారు దిగారు. మెడలో దండ వేశారు. ఆయన వేదిక ఎక్కి, రాని జనానికి చెయ్యి ఊపారు. డైరెక్టరు గారు విజిల్ ఊదారు. ఉపసంఘం వాళ్లు ఆరు బార్లూ బిలంలో జారవిడిచారు.

ఉడుకమ్మ అంత ఎత్తు లేవడం నేనెప్పుడూ చూడలేదు. తాటిచెట్టు దాటిపోయింది. నీళ్లు నురగ నురగగా ఎగసి ఎండలో రంగులు తిరిగాయి, రాళ్లన్నీ అదిరాయి. చయనులు గారు కార్యక్రమం ప్రకారం నాలుగు నిమిషాలు ఆనందించారు. గడియారం చూసుకుంటూ ఆనందించారు.

పది ముప్పై ఆరుకు ఆయన పారమ్మకు నియామక పత్రం అందజేశారు. ఆవిడ రెండు చేతులా అందుకుంది. కళ్లకద్దుకుంది. చదవడం రాదు గానీ, తన పేరు ఎక్కడుందో అడిగి, అక్కడ వేలు పెట్టుకుని నిలబడింది.

"ఇక ఇచ్చెయ్యమ్మా" అన్నారు చయనులు గారు. "ఇది రిహార్సలు."

ఆవిడ ఇచ్చేసింది.

పది నలభైకి 'రిహార్సల్ సర్వవిధముల విజయవంతము' అని ధ్రువపత్రం వెళ్లింది. మంత్రిగారు బయల్దేరారు.

పదకొండు అయిదుకి ఆయన వేదిక ఎక్కారు. దిట్టమైన మనిషి, మొహంలో చిన్నపిల్లాడి సరదా ఉంది. పదకొండు పదికి విజిల్ మోగింది. ఉపసంఘం మిగిలిన సబ్బుకోసం వెతుక్కుని, ఒకాయన స్నానానికి తెచ్చుకున్న సబ్బు వేశారు. బిలంలోంచి బుడగలు వచ్చాయి. ఒకటి పెద్దదై, మంత్రిగారి ముక్కు దాకా తేలుతూ వచ్చి పగిలింది. ఆ తర్వాత లోపల్నుంచి సన్నగా గురక వినిపించింది.

"ఏమిటిది?" అన్నారు మంత్రిగారు.

"ఉపోద్ఘాతం సార్" అన్నారు డైరెక్టరు గారు.

అని, నుదుటి చెమట తుడుచుకునే నెపంతో చేతిరుమాలు ఊపారు. ఆ మనిషి సామాన్యుడు కాదు. అరగంట ముందే, ఎందుకైనా మంచిదని, ఫైరింజనును రాళ్ల చాటుకు తోలించి పెట్టుకున్నారు. డ్రైవరు కృపానందం గొట్టం పైకెత్తి పంపు తిప్పాడు. నీళ్లు జివ్వున లేచాయి. నాలుగు నిమిషాలు, సెకను తేడా లేకుండా.

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. తుంపర చేత్తో పట్టుకుని చూశారు.

"చల్లగా ఉందేమిటి? వేడినీళ్లన్నారు?"

"తమరు వస్తున్నారని చల్లార్చి ఉంచాం సార్."

మంత్రిగారు చలించిపోయారు. "టైముకు టైము. క్రమశిక్షణంటే ఇదీ. దీన్ని ఇంత కరెక్టుగా నడిపిస్తున్నదెవరయ్యా?"

డైరెక్టరు గారు అటూ ఇటూ చూశారు. బల్లరాయి పక్కన ఖాకీ కోటులో పారమ్మ నిలబడి ఉంది. రాళ్ల చాటునుంచి తడిసి ముద్దయిన కృపానందం బయటికొచ్చాడు. డైరెక్టరు గారి చెయ్యి కృపానందం వైపు చూపించింది. మంత్రిగారు తన మెడలో దండ తీసి కృపానందం మెడలో వేశారు. అతను పర్మనెంటయి అప్పటికి పన్నెండేళ్లు. పదకొండు పదహారు అంశం మీద డైరెక్టరు గారు పెన్సిలుతో అడ్డగీత గీశారు. అందరూ ఫలహారానికి వెళ్లారు.

మూడు నలభైకి, కార్లన్నీ వెళ్లిపోయాక, ఉడుకమ్మ తనంతట తాను లేచింది. చూసింది నేనూ, పారమ్మా. ఆవిడ బూట్లు విప్పి పక్కన పెట్టుకుని కూర్చుంది. "దానికేటి తెలుసు బాబూ" అంది.

మర్నాడు ఉడుకమ్మకు అభియోగపత్రం తయారయింది. రాసింది నేనే. అభియోగాలు మూడు. ఒకటి, గౌరవ మంత్రివర్యుల సమక్షంలో విధులకు గైర్హాజరగుట. రెండు, అదే రోజు మూడు నలభైకి అనుమతి లేకుండా విధులకు హాజరగుట. మూడు, పై రెండింటికీ కారణం తెలుపకపోవుట.

పత్రం స్వయంగా అందుకోని ఉద్యోగి విషయంలో నివాసపు తలుపుకు అంటించాలని రూలు. తలుపు లేనందువల్ల నల్లరాతికి మైదాజిగురుతో అంటించాం. గంటకల్లా ఉడుకమ్మ పొంగి ఆ కాగితాన్ని ఎదుటి ఇప్పచెట్టు కొమ్మకు పంపించింది. చయనులు గారు కింద నిలబడి చేతులు అడ్డం పెట్టుకుని పైకి చూసి, 'నోటీసు అందినది. స్వీకరించుటకు నిరాకరించినది' అని రాసుకున్నారు. పదిహేను రోజులు సంజాయిషీ కోసం ఆగాం. రాలేదు. కేంద్రం నం. 1ని సస్పెండు చేశారు.

చుట్టూ టెంటుగుడ్డ పరదా కట్టించారు. దాని మీద 'సస్పెన్షనులో ఉన్నది, చూడరాదు' అని రాయించారు. సందర్శకుల కోసం నూరు గజాల అవతల ఫైరింజనే రోజూ పదకొండు పదికీ, మూడు పదికీ పొంగుతుంది. జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకరోజు కోన దిగువన గడ్డివాము అంటుకుందని ఫోనొస్తే, "ఇప్పుడు పొంగు టైమండీ, అయ్యాక వస్తాం" అని కృపానందం ఎంతో మర్యాదగా చెప్పాడు. వాము మాత్రం అందాకా ఆగలేదు.

మార్చి మూడో వారంలో పారమ్మకు కాగితం వెళ్లింది. నెలాఖరుతో సరి. ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాను ఎల్లిపోతే దాని దగ్గిర ఎవులుంటారు బాబూ? పరదా ఎత్తుకుని పిల్లలు దూరిపోతన్నారు. అది సెప్పి నెగదు కదా. ఒల్లు కాలిపోద్ది."

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లలో ఎన్నెన్ని రాశాను. లేని ఎలుగుబంటికి మేత రాశాను. బిలానికి సెలవు చీటీ రాశాను. ఈ ఒక్క మనిషికి పనికొచ్చే ముక్క ఒక్కటి రాయలేకపోయాను. ఆవిణ్ణి కూర్చోమని, రూల్స్ పుస్తకం దించి, సస్పెన్షను అధ్యాయం తెరిచాను.

ఆ మధ్యాహ్నం నేను పెట్టిన నోటు నా సర్వీసులోకెల్లా గొప్ప రచన. వినండి.

'సస్పెన్షనులో నున్న ఉద్యోగి విధులు నిర్వర్తించరాదు. అట్లు నిర్వర్తించుట లేదని ప్రతిదినము ధ్రువీకరింపవలెను. ధ్రువీకరణ లేనిచో సదరు ఉద్యోగి విధులలో నున్నట్లే భావింపబడి, సస్పెన్షను చెల్లనేరదు; సస్పెండు చేసిన అధికారి బాధ్యుడగును. క్రమశిక్షణ చర్యలలో దినకూలీ వేలిముద్ర చెల్లదు గనుక శాశ్వత ఉద్యోగి అవసరము. సదరు కేంద్రముతో దీర్ఘకాల పరిచయము గల వ్యక్తి ఆఫీసు రికార్డుల ప్రకారము ఒక్కరే కలరు. రిమార్కుల విషయము: రిమార్కులన్నియు కేంద్రపు దుష్ప్రవర్తనకు సంబంధించినవి. కేంద్రము శిక్షింపబడినందున ఒకే తప్పునకు ఇద్దరిని శిక్షించుట న్యాయము కాదు.'

డైరెక్టరు గారు 'అధికారి బాధ్యుడగును' అన్న చోట ఆగి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివారు.

"అధికారి అంటే ఎవరు జోగినాయుడూ?"

"తమరే సార్."

ఎనిమిదేళ్లు కదలని ఫైలు ఒక్క పూటలో కదిలింది. పైనుంచి మంజూరు కూడా నెలాఖరులోపే వచ్చింది. రాజధానిలో కూడా అధికారులు ఉంటారు కదా.

అలా పారమ్మ పర్మనెంటయింది. ఉడుకమ్మకు కాపలా కాసినందుకు ఇరవై రెండేళ్లలో ఇవ్వని ఉద్యోగాన్ని, ఉడుకమ్మ పని చేయడం లేదని చెప్పడానికి ఇచ్చారు. ఈసారి కాగితం వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు. అయినా ఆవిడ వారం రోజులు ఆఫీసు ఛాయలకు రాలేదు, మళ్లీ అడుగుతారేమోనని.

చయనులు గారు మరో రిజిస్టరు గీశారు. ఇందులో ఒక్కటే గడి. 'ఈ దినము కేంద్రము పొంగలేదు.' కింద వేలిముద్ర. ఆవిడకు రాయడం రాదు కాబట్టి రోజూ సాయంత్రం నేను వెళ్లి రాయాలి.

మొదటిరోజు ఆవిడ వేలు సిరాలో ముంచి ఆగిపోయింది.

"పొద్దున్నొకపాలి, మద్దినేలొకపాలి నెగిసింది కదా బాబూ. అబద్దం కాదా?"

"విధుల్లో ఉండి లేస్తేనే పొంగడం, పారమ్మా. సస్పెన్షనులో ఉంది కాబట్టి అది పొంగడం కిందికి రాదు."

"మరేటి కిందికొస్తాది?"

ఏ రూలు కిందికీ రాదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ నవ్వింది. అన్నేళ్లలో ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

ఏడాది గడిచింది. మొన్న ఆడిటువాళ్లు వచ్చి అన్నీ చూసి, మా రిజిస్టరు మీద ఒకే ఒక్క అభ్యంతరం రాశారు. 'పుటలన్నియు తడిసియున్నవి. సిరా అలికినది. కారణము తెలుపవలెను.' నేను జవాబిచ్చాను. 'ఉద్యోగము శాశ్వతమైనందుకు సదరు ఉద్యోగిని ఆనందబాష్పములు.' ఏడాదంతానా అని వాళ్లు అడగలేదు. అభ్యంతరం ఎత్తేశారు.

నిన్న సాయంత్రం కూడా వెళ్లాను. పారమ్మ ఉత్తకాళ్లతో బల్లరాయి మీద నిలబడి ఉంది. బూట్లలో తులసి మొక్కలు వేసింది. నన్ను చూసి, కొంచెం ఎడంగా జరగమని చేత్తో సైగ చేసింది. నేను గొడుగు తెరిచి, దాని కింద రిజిస్టరు తెరిచాను. పరదా మీదుగా ఉడుకమ్మ తాటిచెట్టెత్తున లేచింది. వెచ్చటి తుంపర ఆవిడ జుట్టునిండా, నా కాగితం నిండా పడింది. ఆ హోరులో ఆవిడకు వినబడాలని నేను గొంతు పెంచి, రాసింది రాసినట్టు చదివాను.

"ఈ దినము కేంద్రము పొంగలేదు."

ఆవిడ గబగబా వచ్చి వేలిముద్ర వేసి, నా చెవి దగ్గరగా వంగింది.

"రాత్తే రాసినారు గానీ బాబూ, అంత గట్టిగా సదవకండి. అదింటాది."